మూడు వరసలకి ఒక చిల్లు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఇంటావిడ అంటే ఒప్పుకోను గానీ, నా చేతి దెబ్బలు తిన్న ప్రింటర్లు అంటే ఒప్పుకుంటాను. ఆదోనిలో పాతికేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నాది. కొత్తగా వచ్చే ప్రతి కంప్యూటరుకీ వెనకవైపు ఒక పోర్టు తగ్గుతూ వచ్చింది. మొదట కీబోర్డు పెట్టే గుండ్రటిది పోయింది. తర్వాత పాత ప్రింటరు తగిలించే వెడల్పాటిది పోయింది. ఇప్పటి డబ్బాలు వెనక్కి తిప్పి చూస్తే బోడిగుండులా నున్నగా ఉంటాయి. పాత సామాను పట్టుకొని వచ్చేవాళ్ళు మాత్రం తగ్గలేదు. వాళ్ళ ముందు ఆ కంపెనీలను నోరారా తిట్టుకోవడం నా వృత్తిలో సగం.

ఆ రోజు పొద్దున దుకాణంలో కూచుని ఉగ్గాని బజ్జీ తింటున్నాను. ఎమ్మిగనూరు నుంచి ఫోను.

"ఏమప్పా, బాగుండావా? నీ కంప్యూటరు సచ్చిపోయింది."

"నా కంప్యూటరేంది అన్నా?"

"నువ్వు పెట్టిచ్చిందే గదా. నాలుగు దినాల కిందట మీట నొక్కితే పొగొచ్చింది. మీ అక్క అన్నం మాడిందేమో అని పొయ్యి కాడికి పోయి సూసొచ్చింది."

ఫోను చేసిన ఆయన నేతపని చేసేవాడు. నాకు చుట్టం కాదు. ఆయన్ను అన్నా అనీ, ఆయన భార్యను అక్కా అనీ పిలుస్తాను, అంతే. ఇరవై ఏళ్ళ కిందట ఒక ఆఫీసు వాళ్ళు పాత సామాను వేలం వేస్తుంటే ఆయన ఒక కంప్యూటరూ, ఒక పెద్ద డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరూ కొనుక్కొని నా దగ్గరికి వచ్చాడు. చీర కొంగుల డిజైన్లు గళ్ళ కాగితం మీద గీసీ గీసీ కళ్ళు పోతున్నాయి, దీంతో ఏమన్నా చెయ్యి అన్నాడు. నేను అప్పుడే ప్రోగ్రాములు రాయడం నేర్చుకొని ఎవరి మీద ప్రయోగించాలా అని చూస్తున్నాను. నల్ల తెర మీద తెల్లక్షరాల కాలం అది. నాలుగు వారాలు కూచుని ఒకటి రాశాను. రంగు పోగు రావాల్సిన గడికి హ్యాష్ గుర్తు, ఖాళీ గడికి ప్లస్ గుర్తు. గళ్ళన్నీ తెర మీద నింపి ప్రింటు ఇస్తే వరస నంబర్లతో సహా పొడుగాటి కాగితం మీద డిజైను దిగుతుంది. నా జీవితంలో నేను రాసిన ప్రోగ్రాము అదొక్కటే. అది ఇరవై ఏళ్ళు నడిచిందని ఊరంతా చెప్పుకున్నాను.

ఆ కాగితం సంగతి చెప్పాలి. అది ముక్కలు ముక్కలుగా ఉండదు. మడత మీద మడతగా ఒకటే పొడుగు, రెండు అంచుల్లోనూ వరసగా చిల్లులు ఉంటాయి. ప్రింటరు పళ్ళు ఆ చిల్లుల్లో దూరి కాగితాన్ని లాక్కుంటాయి. ప్రింటు అయ్యాక అందరూ ఆ చిల్లుల అంచు చింపి పారేస్తారు. అక్క పారెయ్యలేదు. మగ్గానికి ఎదురుగా ఒక పలక, ఆ పలకకు రెండు మేకులు కొట్టించుకుంది. కాగితం చిల్లులు ఆ మేకులకు తగిలించి, ఒక్కో వరసా చదువుతూ పోగులు లేపి రంగు నూలు దూరుస్తుంది. చిల్లుకీ చిల్లుకీ మధ్య సరిగ్గా మూడు వరసలు పడతాయి. మూడు వరసలు నేశాక కాగితాన్ని ఒక చిల్లు పైకి జరుపుతుంది. వేలు పెట్టి లెక్క చూసుకునే పని లేదు, ఎక్కడున్నానా అని వెతుక్కునే పని లేదు. మధ్యలో ఎవరన్నా పిలిచి లేచి వెళ్ళినా, తిరిగొచ్చి మేకును చూస్తే చాలు. ఈ ఉపాయం ప్రింటరు చేసినవాడికీ తెలియదు, ప్రోగ్రాము రాసిన నాకూ తెలియదు. మొదటిసారి చూసినప్పుడు నాకు అసూయ పుట్టింది.

పోయిన ఏడాది ఒకసారి ప్రింటరు రిబ్బను దొరక్క, అన్న ఒక డిజైను మామూలు కాగితాల మీద వేయించి జిగురుతో అతికించాడు. అక్క దాంతో నేస్తే నెమలికి రెండు మెడలు వచ్చాయి. అతుకు దగ్గర అవే వరసలు రెండుసార్లు చదివిందట. అప్పట్నించి ఆ మాట ఎత్తితే ఆమె కస్సుమంటుంది.

"కొత్త కంప్యూటరు కొనుక్కో అన్నా, నేనొచ్చి ప్రోగ్రాము ఎక్కిస్తా," అన్నాను ఫోనులో, ఉగ్గాని నములుతూనే.

"కొత్తది వచ్చేసింది లేప్పా. హొళగుందలో మా బావమర్ది కొని పంపిచ్చినాడు. దానికి ప్రింటరు తగిలిచ్చే తావే లేదు." కొంచెం ఆగాడు. "పడుగు ఒకటిన్నర చీరే మిగిలింది. అది అయిపోయేలోగా కాగితం రావాల."

నేను నమలడం ఆపేశాను. ఎందుకంటే ఆ కాగితం మీదికి దిగాల్సిన డిజైను సంగతి నాకు తెలుసు.

రెండేళ్ళ కిందట అన్నకు కుడివైపు పక్షవాతం వచ్చింది. కాలు తేరుకుంది గానీ కుడిచెయ్యి సగమే వచ్చింది. చెంబు ఎత్తుతుంది, గుండీ పెట్టదు. మగ్గం అక్క చేతికి పోయింది. ఆమె ఊళ్ళో అందరికీ పడుగులు అతికే మనిషి, దానికి తోడు ఇంటి మగ్గం కూడా ఎక్కింది. ఆయన ఏడాదిన్నర అరుగు మీద కూచున్నాడు. ఆ తర్వాత ఒక రోజు కంప్యూటరు ముందు కూచుని, ఎడమ చేత్తో, రోజుకు ఇన్ని గళ్ళని ఒక డిజైను మొదలుపెట్టాడు. నాలుగు నెలలు పట్టింది. పత్తి కొమ్మ. మామిడి పిందెలూ నెమళ్ళూ అందరూ నేస్తారు, నూలిచ్చే చెట్టును ఎవడూ నేయడప్పా అన్నాడు ఒకసారి నాతో.

కొత్త డిజైను మొదలు కావాలంటే కొత్త పడుగుతోనే, అంటే మగ్గానికి పొడుగునా బిగించే పోగులు మార్చినప్పుడే. పాత పడుగు అయిపోగానే దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటీ అతుకుతారు. ఒకసారి అతికి మొదలుపెట్టాక మధ్యలో మార్చే పద్ధతి ఆ ఇంట్లో లేదు. "ఈ పడుగు దాటిపోతే మళ్ళా నెలన్నర. అందాకా మీ అక్క పాత కొంగే నేస్తాది. నేను అరుగు మీద కూసోని ఆటోలు చూస్తాంటా," అన్నాడు అన్న నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు. చెయ్యి కడుక్కొని బస్సెక్కాను.

వెళ్ళేసరికి చచ్చిన కంప్యూటరు అరుగు మీద ఉంది, దాని మీద మినప వడియాలు ఎండుతున్నాయి. లోపల కొత్త డబ్బా, పసుపూ కుంకుమా బొట్లతో. నేను వెనక్కి తిప్పి చూసి బావమరిదినీ, కంపెనీనీ, కాలాన్నీ కలిపి తిట్టాను. మగ్గం మీంచి అక్క తల తిప్పకుండానే అంది, "తిట్టేది అయిపోతే సెప్పప్పా, టీ పెడతా."

పాత డబ్బాలోంచి డిస్కు విప్పుకొని దుకాణానికి తెచ్చాను. డిస్కు బతికే ఉంది. డిజైనూ ఉంది, నా ప్రోగ్రామూ ఉంది. కానీ ఈ కాలం కంప్యూటర్లకు ఆ కాలం ప్రోగ్రాములంటే గిట్టదు. దాన్ని నమ్మించడానికి మధ్యలో ఇంకో ప్రోగ్రాము ఉంటుంది, నువ్వింకా ఆ రోజుల్లోనే ఉన్నావని పాతదానికి చెప్తూ పని చేయిస్తుంది. అది ఎక్కించాను. నా ప్రోగ్రాము నల్ల తెర మీద లేచింది. మొదటి తెర మీదే పెద్దక్షరాల్లో నా పేరు, దాని కింద ఇంగ్లీషులో స్వాగతం, అందులో రెండు తప్పులు. ఇరవై ఏళ్ళ నాటి నా గొప్పలు చూసి నాకే నవ్వొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే నవ్వుకున్నాను. పాత ప్రింటరు పోర్టు ఉన్న కార్డు ఒకటి అటకమీద డబ్బాలో దొరికింది. కొత్త కంప్యూటరు లోపల దూర్చడానికి సరిపోయే రకమే. ఇంకేం కావాలి, రేపటికి కాగితం చేతిలో పెడతా అని ఫోను చేసి చెప్పాను. నా నోరు ఎప్పుడూ నా చేతి కంటే ముందు పోతుంది.

మర్నాడు ఎమ్మిగనూరు పోయి కొత్త డబ్బాలో అన్నీ ఎక్కించి కార్డు బిగించాను. ప్రింటరు కేబులు అందుకుందామని బల్ల జరిపితే, కేబులు మధ్యలో జానెడు మేర లేదు. ఎలుకలు కొట్టేశాయి. నేత ఇంట్లో గంజి వాసన ఎప్పుడూ ఉంటుంది, ఎలుకలకు అది పండగ. ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ అలాంటి కేబులు ఇప్పుడు ఎవరూ అమ్మరు. తెప్పించాలంటే వారం. పడుగు చూస్తే ఒక చీరకు కొంచెం ఎక్కువగా మిగిలింది. పోనీ తీగలు నేనే కలిపి సోల్డరు పెడదామంటే కరెంటు పోయింది. మధ్యాన్నం కరెంటు పోతే సాయంత్రం దాకా రాదని అన్న చల్లగా చెప్పాడు.

నేను కేబులు రెండు ముక్కలూ చేతిలో పట్టుకొని ఎలుకల వంశాన్ని తిడుతున్నాను. అక్క మగ్గం దిగి వచ్చి చూసింది.

"ఎన్ని పోగులప్పా ఇవి?"

"పోగులు కావక్కా, తీగలు. ఇరవై అయిదు."

"ఇరవై అయిదా!" అని అన్న వైపు చూసి నవ్వింది. "ఇరవై అయిదు పోగులకా ఈ మనిషి ఇంత అరుస్తాండాడు? పొద్దున్నించి మాపటికి మూడువేలు అతుకుతాను నేను. ఇట్లా తే."

తీసుకుని కింద కూచుంది. కేబులు ముక్కలు రెండూ అటొకటి ఇటొకటి పరిచి, తీగల్ని వెదురు పుల్లల మధ్య వరసగా పెట్టింది, పడుగును పెట్టినట్టే. నేను పైతోలు ఒలిచి ఇస్తుంటే ఎర్రకు ఎర్ర, పచ్చకు పచ్చ, రెండు కొసలూ బొటనవేలితో ఒక్క మెలి. అంతే. ఆ మెలి నేను ఎన్నడూ వేయలేదు, ఇకముందు వేయలేను. నేను ఒక అతుకుకు టేపు చుట్టేలోపు ఆమె మూడు అతికింది. పావుగంటలో చీరల మూట కట్టినట్టు తీరుగా అయిపోయింది. మామూలుగా ఇట్లాంటి పని చేశాక మీటరు పెట్టి ఒక్కో తీగా చూస్తాను. ఆ రోజు చూడలేదు. అంత అందంగా ఉన్నదాన్ని అనుమానించడానికి మనసొప్పలేదు.

కరెంటు వచ్చింది. ప్రింటు ఇచ్చాను. ప్రింటరు ఒళ్ళు విరుచుకున్నట్టు ఒకసారి అటూ ఇటూ కదిలి కీచుమని మొదలుపెట్టింది. ఆ చప్పుడు వినగానే అన్న లేచి నిలబడ్డాడు. ముగ్గురం దాని మీద వంగాం. ఒక మడత వచ్చింది. రెండో మడత వచ్చింది. ఎక్కడా పువ్వు లేదు, కాయ లేదు, ఆకు లేదు. కాగితం నిండా ప్లస్ గుర్తులు. ఈ చివర నుంచి ఆ చివరకు ఉత్త ఖాళీ గళ్ళు.

నాకు ఒళ్ళు మండింది. డిజైను పోయిందేమో అని తెర మీద చూశాను. పత్తి కొమ్మ తెర మీద బంగారంలా ఉంది. కాగితం మీదే లేదు. మధ్యలో ఉన్న ప్రోగ్రామును తిట్టాను. తీసేసి మళ్ళీ ఎక్కించాను. కార్డును పీకి మళ్ళీ దూర్చాను. మళ్ళీ ప్లస్సులే.

అన్న ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "అప్పా, అన్నీ తప్పులు గావు ఇవి. ఖాళీ గళ్ళు ఖాళీగానే వచ్చినాయి. వరసలు సరిగ్గానే దిగినాయి. నంబర్లు సూడు, ఎనిమిదీ తొమ్మిదీ బాగనే ఉండాయి, మిగిలినవే ఏందో అయినాయి. పువ్వు ఒక్కటే రాల్యా. మగ్గం మీద ఇట్లా వస్తే ఒకటే పోగు తెగిందంటాం మేము."

"ఇది మగ్గం కాదన్నా," అన్నాను. గట్టిగానే అన్నాను. "ఒక తీగ పోతే అసలు ప్రింటరే కదలదు. ఇదంతా సెట్టింగుల గొడవ. నీకు తెలీదు."

ఆయన కాగితాన్ని మడతలు మడతలుగా ఎడమ చేత్తో సర్దుకున్నాడు. ఆదోని బస్సులో కూచున్నాక నా మాట నాకే మళ్ళీ వినిపించింది. నాలుగు నెలలు ఒక చేత్తో గళ్ళు నింపిన మనిషితో నీకు తెలీదని అన్నాను.

ఆ మర్నాడంతా దుకాణంలో సెట్టింగులతో కుస్తీ పట్టాను. నాకు తెలిసినవన్నీ మార్చాను, తెలియనివీ మార్చాను. మా ఇంటావిడ క్యారియరు పంపిస్తే దాన్ని తెరవడం కూడా మరిచిపోయాను. మూడో రోజు మళ్ళీ ఎమ్మిగనూరు వెళ్ళాను. వీధి మలుపు తిరగ్గానే ఏదో తేడాగా అనిపించింది. మగ్గం చప్పుడు లేదు. మగ్గం మీద చూస్తే పడుగు ఒక చీరకు సరిపడా ఉంది, దాదాపు మొన్నటి లాగే.

"ఏమక్కా, నిన్న నేయలేదా?"

"నిన్న నడుము నొప్పప్పా," అంది. ఆమె నడుము పట్టుకోనూ లేదు, నా వైపు చూడనూ లేదు. "ఇయ్యాల పక్కింట్లో పడుగు అతికేది ఉంది. ఆడికి పోతాండా. నీ పని నువ్వు సూసుకో."

ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా నేను విన్నది మగ్గం చప్పుడే. ఆమె ఒక్క పూట కూడా మగ్గం ఆపే మనిషి కాదు. ఆ పడుగును ఆమె కావాలనే అరగనివ్వడం లేదు, మొగుడి పువ్వు కోసం. అర్థం కాగానే నా మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, కంప్యూటరు ముందు కూచోలేక ఆమె వెనకాలే పక్కింటికి వెళ్ళిపోయాను. టీ తాగుదామని వంక పెట్టుకున్నాను.

పక్కింట్లో మగ్గం ముందు ఆమె కాళ్ళు చాపి కూచుంది. పాత పడుగు కొసలు ఇటు, కొత్త పడుగు కొసలు అటు. పక్కన కొబ్బరి చిప్పలో బూడిద, ఇంకో చిప్పలో గంజి. వేళ్ళు బూడిదలో అద్దుకుంటుంది, పోగులు జారకుండా. రెండు కొసలు పట్టి మెలి వేస్తుంది. మెలి విడిపోకుండా వేలి కొసన గంజి తడి చేసి ఒకసారి రుద్దుతుంది. బూడిద, మెలి, గంజి. బూడిద, మెలి, గంజి. కళ్ళూ నోరూ ఆ పక్కింటామెతో కబుర్లాడుతున్నాయి, చెయ్యి దాని పాటికి అది పోతోంది. నేను టీ గ్లాసు పట్టుకొని చూస్తున్నాను. రెండు గుక్కలు తాగాను. మూడో గుక్క గొంతులో ఉండగానే లేచి అరిచాను.

"అక్కా! మొన్న కేబులు అతికినప్పుడు గంజి పెట్టినావా?"

ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. తన వేళ్ళు తనే చూసుకుంది. "పెట్టల్యా," అంది. తర్వాత, "ఏమో," అంది. ఆ తర్వాత నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "చేతికి అంటుకొని ఉండాదేమో అప్పా. మగ్గం మీంచి దిగి అట్లనే వచ్చి కూసున్యా. ఎండిన గంజి చెమటకు తడిసి తీగకు అంటుకునిందేమో."

నూలుకు గంజి పెడితే బలం. రాగి తీగకు గంజి పెడితే, ఎండాక అది మధ్యలో పలచటి తోలులా నిలబడి కరెంటును దాటనివ్వదు. ఇద్దరం పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాం. నేను టేపులు ఊడదీసి మీటరు పెట్టాను. తీగ కలిసి ఉంటే మీటరు కుయ్యిమంటుంది. ఒకటి కుయ్యిమంది. రెండు కుయ్యిమంది. అన్న నా పక్కన కింద కూచుని ఎడమచేతి వేళ్ళ మీద లెక్క పెడుతున్నాడు. ఇరవై నాలుగు తీగలు కుయ్యిమన్నాయి. ఒక్కటి నోరు మెదపలేదు. దాని మెలి మీద గంజి మెరుస్తోంది.

ఒకే ఒక్క పోగు.

అప్పుడు వెలిగింది నా బుర్రలో. ఆ తీగల్లో అక్షరాన్ని మోసేవి ఎనిమిదే. ప్రతి గుర్తుకూ ఆ ఎనిమిదింటిలో కొన్ని పలుకుతాయి, కొన్ని ఊరుకుంటాయి. హ్యాష్‌కీ ప్లస్‌కీ తేడా సరిగ్గా ఒక్క తీగలోనే ఉంది. తెగిన తీగను ప్రింటరు పలికినట్టే లెక్కేసుకుంటుంది కాబట్టి హ్యాష్ కూడా ప్లస్ అయిపోతుంది. ఎనిమిదిలోనూ తొమ్మిదిలోనూ ఆ తీగ ఎప్పుడూ పలికేదే కాబట్టి అవి సరిగ్గానే పడతాయి. ఆ రెండు గుర్తుల్నీ ఏరికోరి పెట్టిందెవరు? నేనే. ఇరవై ఏళ్ళ కిందట, చూడటానికి బాగున్నాయని. ఇదంతా అన్న కాగితం చూసి చెప్పేశాడు, కంప్యూటరు గురించి ఒక్క ముక్క చదువుకోకుండా.

"అన్నా, మొన్న నువ్వు చెప్పిందే నిజం. నేనే నోరు పారేసుకున్నా," అన్నాను.

"ఇది మగ్గం గాదు గదప్పా," అన్నాడాయన, మొహం మీద ఏమీ కనపడనీకుండా. అక్క పకపకా నవ్వింది. నాకు కోపం రాలేదు. ఆ ఇంట్లో నాకు కోపం రాకపోవడం అదే మొదలు.

ఈసారి కరెంటు ఉంది. అన్ని అతుకులూ విప్పి, తీగ కొసలు గీకి శుభ్రం చేశాను. అక్క సబ్బు పెట్టి రెండుసార్లు చేతులు కడుక్కొని, తుడుచుకొని, నాకు చూపించి మరీ కూచుంది. మెలి ఆమెదే, సోల్డరు నాది. ప్రతి అతుకుకూ మీటరు పెట్టాను. కుయ్యిమన్నప్పుడల్లా అన్న "ఊఁ" అంటున్నాడు.

ప్రింటు మీట నన్ను నొక్కనివ్వలేదు. ఆయనే నొక్కాడు, కుడిచేత్తో. చూపుడువేలు సాగక పిడికిలి కణుపుతో నొక్కాడు.

ప్రింటరు కీచుమంది. మొదటి వరసలు ప్లస్సులే, అది అంచు కాబట్టి. ఇరవయ్యో వరసలోనో ఎక్కడో ఒక హ్యాష్ పడింది. తర్వాతి వరసలో మూడు. ఆ తర్వాత కాడ మొదలైంది, ఆకు విచ్చుకుంది, కాయ లావెక్కింది. మడత మీద మడతగా పత్తి కొమ్మ నేల మీదికి దిగుతూనే ఉంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న ప్రింటరు మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడ్డాడు, గిత్త వీపు నిమిరినట్టు. నాకు కేకలేయాలనిపించింది, వేశాను. పక్కింటామె పడుగు కాడి నుంచి పరుగెత్తుకొచ్చింది, ఎవరికి ఏమైందో అని.

సాయంత్రానికి అక్కకు నడుము నొప్పి పోయింది. నేను బస్సుకు బయల్దేరేటప్పుడు వీధి చివరిదాకా మగ్గం చప్పుడు వినిపించింది. రెండు రోజుల నేత ఒక్క పూటలో లాగేయాలని కూచున్నట్టుంది. ఆ వారంలోనే పాత పడుగు అయిపోయి కొత్తది అతికారు. మొదటి కొంగు సగం దిగాక ఫోను చేసి, మేకుల మీద కాగితం, దాని కింద గుడ్డ మీద పత్తి పువ్వు, రెండూ కలిసి కనిపించే ఫోటో పంపించారు. నేను దాన్ని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చూపించాను. కంప్యూటరుకు ఏ జబ్బుందో చెప్పకముందే ఆ ఫోటో చూడాల్సి వచ్చేది వాళ్ళకు.

ఇది జరిగిన నాలుగు నెలలకు ఎమ్మిగనూరు బస్సు కండక్టరు ఒక పొట్లం తెచ్చి దుకాణంలో ఇచ్చిపోయాడు. విప్పితే తువ్వాలు. తెల్లటి తెలుపు. పువ్వు లేదు, గీత లేదు, రంగు పోగు ఒక్కటి లేదు. నాకు ఏమీ అర్థం కాక ఫోను చేశాను.

"ముట్టిందా అప్పా?" అన్నాడు అన్న. "నువ్వు మొదట తీసిచ్చిన కాగితం దాసిపెట్టింటి. దాన్ని మేకులకు తగిలిచ్చి, సూసి నేసిందే అది. ఒక్క గడి కూడా తప్పు పోలేదు. కావాలంటే లెక్కపెట్టుకో."

నేను పడీ పడీ నవ్వాను. దుకాణంలో కూచున్న ఇద్దరు కస్టమర్లు నా మొహం చూశారు. నవ్వుతూనే తువ్వాలు పరిచి చూసి, ఊరుకోకుండా అన్నాను, "అన్నా, అక్కకు చెప్పు, నా దానికి అంచు వంకరగా నేసింది. ఊరికే ఇస్తే ఇట్లానా?"

అవతల ఫోను చేతులు మారింది. అక్క గొంతు.

"ఏమప్పా, నేనెప్పుడన్నా అంచు వంకరగా నేసినానా? సూడు బాగా. అది నేను నేసిందేనా?"

ఆమె వెనకాల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. అక్క చేతిలో ఫోను ఉంది కదా, మగ్గం మీద ఎవరున్నట్టు? చప్పుడు అక్కది కాదు. ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ మెత్తగా, మధ్యలో కొంచెం ఆగి మళ్ళీ.

నేను ఫోను చెవికి అట్లాగే పెట్టుకొని తువ్వాలు అంచు వెంబడి వేలు పెట్టి చూశాను. మొదటి జానెడు బాగా వంకర. మధ్యకొచ్చేసరికి తగ్గింది. చివరి మూర దాదాపు తిన్నగా ఉంది.